ఫొటో చూపించి కొబ్బరిచెట్టు వేయించకండి

కోనసీమలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా కొబ్బరిచెట్టు వేయమంటే ఓ నిలువు గీత గీసి, పైన నక్షత్రంలా ఏడెనిమిది మట్టలు అతికిస్తున్నారు. తప్పు పిల్లలది కాదు. కాలవ గట్టున తోట పెట్టుకుని, క్లాసులో ఫోన్ ఫొటో చూపించి ‘ఇది దించండి’ అనే మాస్టార్లది.

పెన్సిలు పట్టకముందు ఓ పావుగంట చెట్టు కింద ఊరికే చూడనివ్వండి. మట్టలు లెక్కపెట్టమనండి. కాపుకొచ్చిన చెట్టుకి ముప్పైకి అటూఇటూ ఉంటాయి, ఇంచుమించు నెలకొకటి కొత్తది విచ్చుకుంటుంది. నడిమి మొవ్వు నిటారుగా, మధ్యవి అడ్డంగా, ముదురువి మాను వైపు వాలి ఉంటాయి. మాను మీది వలయాలు రాలిన మట్టల మచ్చలు. గెల మట్ట మొదట్లోంచే వస్తుంది. ఆ సంగతి కళ్లారా చూసిన పిల్ల గెలని గాల్లో వేలాడదీయదు. చిత్రకారుడి పరిశోధన అంటే ఇదే, లైబ్రరీలో దొరికేది కాదు.

బొమ్మలకి అరచేతంత పుస్తకం, మెత్తగా నల్లగా గీసే 4బి పెన్సిలు చాలు. రబ్బరు మాత్రం ఇవ్వొద్దు. చెరిపే పని పెట్టుకుంటే చూపు చెట్టుని వదిలేస్తుంది. రెండేసి నిమిషాల్లో ఐదు బొమ్మలు, తర్వాత ఇరవై నిమిషాలు ఒక్కటే. కొలతకి పెన్సిలు నిలువుగా పట్టుకుని చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, చెట్టుని పెన్సిలు మీద కొలవాలి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది, అందుకే సగంమంది బొమ్మల్లో తల పెద్దదై మాను పొట్టిదవుతుంది. బొమ్మ పక్కన టైము, ఎండ ఎటునుంచి, అర్థంకానిది ఒకటి రాయించండి. ఇంటికెళ్లి చూడకుండా మళ్లీ వేసి, మర్నాడు చెట్టు దగ్గర పోల్చుకోవాలి. ఎక్కడ కల్పించారో అక్కడే ఆ రోజు పాఠం.

ఫొటో ఎందుకు చాలదంటారా? ఫోన్ లెన్సు దగ్గరి మానుని ఉబ్బించి, వెనక తోటని దూరం నెట్టేస్తుంది. నీడలోని పచ్చని నలుపు చేస్తుంది. వరదల్లో ఎర్రమట్టితో వచ్చే గోదారి రంగుని కూడా తనకి తోచినట్టు సర్దేస్తుంది.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి, 1925లోనే పోయిన మనిషి. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు పూర్తయిన పెయింటింగుల ముందు ఫొటోలు దిగి వచ్చేయకండి, ఆయన పెన్సిలు స్కెచ్చుల దగ్గర నిలబెట్టండి.

ఇంకొకటి. పిల్లలు గట్టున గీస్తుంటే మాస్టారు కూడా పక్కనే కూర్చుని గీయాలి, తన పేజీ వాళ్లకి చూపించాలి. మార్కుల్లో సగం చెట్టు దగ్గర గీసిన ఆ చిన్న పుస్తకానికే వేయండి. గోడకి తగిలించే బొమ్మకే అన్నీ వేస్తే, రేపు మళ్లీ ఫొటోలే దించుతారు.