ఒకటి మీదా, రెండు మీదా?

మా అమ్మాయి ఉద్యోగం రుషికొండ ఐటీ కొండ మీద. సాల్సా అనే జోడీ నాట్యం నేర్చుకుంటానని రెండు నెలలుగా ఊరంతా తిరిగింది. గాజువాక, సిరిపురం, ఎంవీపీ కాలనీ, మధురవాడ. నాలుగు చోట్లా ఒక్కో రోజు తరగతి చూసి, చివరికి బయట బోర్డు కూడా లేని ఒక మేడమీది గదిని ఎంచుకుంది. మా అన్నయ్య నావికాదళంలో పనిచేసి విశాఖలోనే స్థిరపడ్డాడు. మెస్సు విందుల్లో చాచాచా అనే లాటిన్ నాట్యం ఆడినవాడు కాబట్టి మా ఇంట్లో ఈ విద్యకు తానే పెద్దదిక్కు అని ఆయన నమ్మకం. మొన్న ఆదివారం పెసరట్ల దగ్గర మొదలైన వాదం కాఫీలు చల్లారేదాకా సాగింది. నేను అమ్మాయి పక్షం. అది దాచను. ఆయన మాటలు తగిలిన చోట తగిలాయని కూడా రాస్తున్నాను.

మావయ్య: బోర్డు లేదు, సర్టిఫికెట్ లేదు. దేన్ని చూసి గురువనుకున్నావు?

అమ్మాయి: వెనక వరసను చూసి.

మావయ్య: అర్థమయ్యేలా చెప్పు.

అమ్మాయి: ముందు వరస అన్నిచోట్లా బాగానే ఆడుతుంది మావయ్యా. వాళ్లకు ఎవరు నేర్పినా వస్తుంది. అందుకే నేను వెనక నిలబడ్డాను. మొదటి చోట మాస్టారు అద్దం వైపు తిరిగి తన మానాన తాను ఆడుకుంటూ పోయారు. గంటసేపు మేము ఆయన వీపును చూశాం. రెండో చోట సాల్సా పేరుతో జుంబా చేయించారు. చెమట బాగానే పట్టింది. కానీ అది వ్యాయామం, ఎవరికి వారే చేసేది. పక్కమనిషి చెయ్యి పట్టుకోకుండా జోడీ నాట్యం ఎలా వస్తుంది? మూడో చోట మొదటి రోజే గిరగిరా తిప్పేశారు. వీడియో తీసి పంపారు కూడా. చూస్తే బ్రహ్మాండంగా ఉంది. నాకు మాత్రం ఏ కాలు ఎప్పుడు వేశానో తెలియదు.

నాలుగో చోట మాస్టారు పాట ఆపేశారు. నా పక్కన యాభై దాటిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు. సాల్సాలో ఒకటి, రెండు, మూడు అని అడుగులు వేసి నాలుగు దగ్గర ఆగాలి. మళ్లీ ఐదు, ఆరు, ఏడు వేసి ఎనిమిది దగ్గర ఆగాలి. ఆయనేమో ప్రతిసారీ నాలుగు మీద ఇంకో అడుగు వేసేస్తున్నారు. మాస్టారు వచ్చి, 'ఉన్నవారు ఉన్నట్టే ఆగండి. ఇప్పుడు వెనక కాలు ఎత్తండి' అన్నారు. ఎత్తలేకపోయారు. బరువు రెండు కాళ్ల మీదా పంచి నిలబడ్డారు కదా! 'పాదం ముందుకు వెళ్లింది, మీరు వెళ్లలేదు' అన్నారు. తరవాత పది నిమిషాలూ అదే పని. అడుగు వేయడం, ఆగడం, రెండో కాలు ఎత్తి చూసుకోవడం. ఆఖర్న ఆయన నడుము దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. ఊపమని ఎవరూ చెప్పలేదు. మోకాలు వంగి, మళ్లీ నిటారై, బరువు పూర్తిగా ఒక కాలి మీదికి వెళితే తుంటి తనే కదులుతుందట. మిగతా మూడు చోట్లా 'నడుము ఊపండి, నడుము ఊపండి' అని అరిచారు.

మావయ్య: బాగానే చూశావు. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. తెలియకే కదా నేర్చుకోవడానికి వెళుతున్నావు? తెలియనిదానివి, తెలిసినవాణ్ణి ఎలా గుర్తుపట్టావు? నచ్చేలా మాట్లాడాడని వైద్యుడి చేతికి కత్తి ఇస్తామా? లండన్‌లో ఇంపీరియల్ సొసైటీ 1904 నుంచి ఉంది. నాట్యం నేర్పేవాళ్లకు పరీక్షలు పెడుతుంది. వాల్టర్ లెయిర్డ్ 1961లోనే లాటిన్ నాట్యాల మీద పుస్తకం రాసి, ఏ అడుగులో మడమ ముందా, మునివేళ్లు ముందా అన్నది కూడా తేల్చి పెట్టాడు. అంత కొలత ఉండగా నీ కంటిని నమ్ముకుంటానంటావేమిటి?

(మొదటి దెబ్బ గట్టిదే. అమ్మాయి పెసరట్టు ముక్కను అల్లం పచ్చడిలో రెండుసార్లు తిప్పింది.)

అమ్మాయి: పోటీలకు వెళ్లేదాన్నైతే మీ దారే నా దారి. ఆ లాటిన్ పోటీల్లో ఉండే నాట్యాలు ఐదు. సాంబా, చాచాచా, రుంబా, పాసో డోబ్లే, జైవ్. అందులో సాల్సా లేదు. జైవ్ అమెరికా నల్లజాతివాళ్ల నాట్యం నుంచి వచ్చింది, పాసో డోబ్లే స్పెయిన్ ఎద్దుల పోరును అనుకరిస్తుంది. అవి లాటిన్ అమెరికా నాట్యాలు ఎలా అయ్యాయో మీ లండన్‌వాళ్లనే అడగాలి. ఇక సాల్సా అంటారా, క్యూబా, ప్యూర్టోరికో సంగీతం న్యూయార్క్ వాడల్లో కలిసి, 1970లలో ఆ పేరుతో స్థిరపడింది. ఒక్క పద్ధతి కాదు. కొందరు ఒకటో లెక్క మీద దిశ మారుస్తారు, న్యూయార్క్‌లో ఎడ్డీ టోరెస్ అనే నాట్య గురువు దారి పట్టినవాళ్లు రెండో లెక్క మీద మారుస్తారు. నాకు కావలసింది కప్పు కాదు మావయ్యా. పాట వేస్తే, ముక్కూమొహం తెలియని మనిషితోనైనా తడబడకుండా ఆడాలి, అంతే.

మావయ్య: అంటే క్రమం పెట్టిందల్లా నకిలీ, వాడలో ఆడిందే అసలు. అంతేనా? మన కూచిపూడి సంగతి ఏమిటి? భాగవతులు ఊళ్లలో ఆడినదాన్ని వెంపటి చినసత్యం గారు మద్రాసు తీసుకువెళ్లి, 1963లో అకాడమీ పెట్టి, అడవులకు, అంటే మూల అడుగులకు, ఒక వరస కుదిర్చారు. దాన్ని కూడా నకిలీ అంటావా?

అమ్మాయి: అనను. కానీ కూచిపూడి మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఏడో ఏట నన్ను తీసుకువెళ్లి చేర్పించింది ఎవరు? ఊళ్లో అంత పేరు ఇంకెవరికీ లేదు, గోడ నిండా జ్ఞాపికలే అన్నది ఎవరు? మూడేళ్లలో ఆవిడ నా కాళ్ల వైపు చూసింది రెండుసార్లు. రెండూ వార్షికోత్సవం ముందు రోజులే. మిగతా రోజులన్నీ ఇంటర్ చదివే శిష్యురాలు తట్టుకర్ర పట్టుకుని కూర్చునేది. అరమండిలో, అదే మోకాళ్లు వంచి నిలబడే భంగిమలో, నా మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడానికి బదులు ముందుకు పడేవి. ఒక్కరైనా చెప్పారా? పదో ఏట మోకాళ్ల నొప్పులతో మానేస్తే, 'దీనికి పట్టుదల లేదు' అన్నారు మీరు. ఆ మాట పదిహేడేళ్లుగా నా చెవిలోనే ఉంది.

(ఆ మాట ఆయన ఒక్కడే అనలేదు. నేనూ అన్నాను. ఫీజు కట్టినదాన్ని, వారానికి మూడు సాయంత్రాలు గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చున్నదాన్ని. ఒక్కనాడైనా లోపలికి తొంగి పాప మోకాళ్లు చూడలేదు. జ్ఞాపికలు చూశాను.)

మావయ్య: అది ఆ మనిషి తప్పు. పరంపర తప్పు కాదు.

అమ్మాయి: నేర్పేది మనిషే కదా, పరంపర వచ్చి నేర్పదు కదా! సరే, పరంపరే అనుకుందాం. మీ మెస్సులో చాచాచా ఎలా లెక్కపెట్టేవారు?

మావయ్య: ఒకటి, రెండు, చాచాచా. అందులో అడగడానికేముంది?

అమ్మాయి: మీరు చెప్పిన పుస్తకం దారిలో వెళ్లేవాళ్లు రెండు, మూడు, నాలుగు-అండ్-ఒకటి అంటారు. దిశ మార్చే అడుగు రెండు మీద పడాలి. ఆ చివరి 'చా' ఒకటి మీద వాలాలి.

మా అన్నయ్య ఏమీ అనలేదు. ఫోనులో ఒక చాచాచా పాట వెతికి పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు. పెదవులతో లెక్కపెడుతున్నాడు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆగాడు. మూడోసారి కాలు ఒకటి మీదే పడింది. పాట ఆపేశాడు.

మావయ్య: ముప్పై ఏళ్లు.

అమ్మాయి: నేను ఎగతాళికి అనలేదు మావయ్యా.

మావయ్య: ఎగతాళి సంగతి కాదు. ముప్పై ఏళ్లు తప్పు లెక్క మీద ఆడాను. ఒక్క రాత్రి కూడా తప్పనిపించలేదు. హాయిగా ఉండేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు చెప్పు. నీ మేడమీది మాస్టారు చెప్పేది నీకు సరిగ్గా అనిపిస్తోందంటే, ఆ అనిపించడానికి విలువెంత?

(దీనికి నా దగ్గర జవాబు లేదు. వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను.)

అమ్మాయి: సగం ఒప్పుకుంటాను. నాకు బాగుందనిపించడం సాక్ష్యం కాదు. కానీ మెస్సులో మీరు పాట వినలేదు మావయ్యా, పక్కవాళ్ల కాళ్లు చూశారు. వాళ్లు ఇంకెవరివో చూశారు. మా మాస్టారు మొదటి వారంలోనే క్లావేను, అంటే సాల్సా పాట నిలబడే తాళాన్ని, చప్పట్లతో కొట్టి చూపించారు. ఎనిమిది లెక్కల్లో ఐదు దెబ్బలు. ఒక సగంలో మూడు, ఇంకో సగంలో రెండు. తరవాత పాట పెట్టి, ఇందులో మూడు ముందా, రెండు ముందా చెప్పండి అన్నారు. నాకు ఇంకా పట్టుబడలేదు. నాలుగింట మూడు తప్పే చెబుతున్నాను. కానీ పాట నా ఫోనులోనే ఉంది. ఇంటికి వచ్చి పదిసార్లు విని, ఆయన చెప్పింది నిజమో కాదో నేనే తేల్చుకోవచ్చు. తనను పరీక్షించడానికి కావలసిన కొలత తనే నా చేతికి ఇచ్చిన మాస్టారు ఈయన ఒక్కరే. మూడో చోట అడిగితే, 'అదంతా తరవాత, ముందు ఫీల్ అవ్వండి' అన్నారు.

మావయ్య: సరే. ఇంకొకటి. మీ అమ్మ అడగదు, నేను అడుగుతాను. మనిషి ఎలాంటివాడు?

(నేనే ముందు అడగాల్సింది. అడగలేదు.)

అమ్మాయి: భుజం సరిచేసే ముందు 'చెయ్యి వేయవచ్చా' అని అడుగుతారు. ప్రతిసారీ అడుగుతారు. రెండు పాటలకోసారి జోడీలు మారుస్తారు. వద్దనుకున్నవాళ్లు మారనక్కర్లేదు. తరగతి జరుగుతున్నంతసేపూ తలుపు తీసే ఉంటుంది.

మావయ్య: ఎక్కడ నేర్చుకున్నాడట?

అమ్మాయి: బెంగళూరులో రెండేళ్లు. అదీ సాల్సా, బచాటా అనే ఇంకో జోడీ నాట్యం మాత్రమే. సర్టిఫికెట్ లేదని తనే చెప్పారు. జైవ్ నేర్పుతారా అని ఒకబ్బాయి అడిగితే, 'నాకు రాదు. వచ్చినవాళ్లు దొరికితే నాకూ చెప్పండి' అన్నారు.

మావయ్య: రాదన్నాడా?

అమ్మాయి: అందరి ముందూ.

మా అన్నయ్య చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు సింకులో పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

మావయ్య: డబ్బు నెలనెలా కట్టు. మూడు నెలలది ఒకేసారి అడిగితే మాత్రం కట్టకు.