దొంగ వీడియో ఇంకోసారి వేయండి సార్

ఊరూరా షాపులున్న కంపెనీ. నెలవారీ సమావేశంలో లాస్ ప్రివెన్షన్ అధిపతికి, అంటే సరుకు పోకుండా చూసే ఆయనకు, చివరి 10 నిమిషాలే దక్కుతాయి. అప్పటికే సగం మంది ల్యాప్‌టాప్‌లు మూసేసి ఉంటారు. కంపెనీలో తన మాట చెల్లడం లేదని పాపం ఆయన తెగ మథనపడుతుంటారు. పరపతి పెంచుకునే మార్గం లేకపోలేదు. అన్నిటికన్నా ముందు, ఆ వీడియో మాత్రం మానొద్దు.

అదేనండీ, టోపీ పెట్టుకున్న మనిషి అటూ ఇటూ చూసి చొక్కాలో ఏదో దోపుకునే 40 సెకన్ల సీసీటీవీ ముక్క. చుట్టూ ఎర్ర వలయం గీసి, స్లో మోషన్‌లో, రెండుసార్లు వేయాలి. వెంటనే ‘ఈ నెల పట్టుకున్నవారు 47’ అని స్లైడు. ఫైనాన్స్ అధిపతి ఊరుకోరు, ‘మొత్తం షార్టేజ్‌లో వీళ్ల వాటా ఎంత?’ అంటారు. ‘అది ఆడిట్ వాళ్లు చూస్తారు సార్’ అనేయండి. వచ్చే నెల మీకు 5 నిమిషాలే ఇస్తారు, దిగులు పడకండి.

ఈ షార్టేజ్‌నే ష్రింకేజ్ అనీ అంటారు, అంటే పుస్తకంలో ఉన్న స్టాకుకూ చేత్తో లెక్కపెట్టిన స్టాకుకూ మధ్య తేడా. అందులో దొంగ తిన్నదెంత, మన పొరపాటు ఎంత అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు. పైగా లెక్క ఏడాదికోసారి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని ఊరికే అనలేదు.

ఉదాహరణకు షాంపూ. ఒకే ధరకు నాలుగు వాసనలు, ఒక్కోటి 3 సీసాల చొప్పున 12 సీసాలు కౌంటర్‌కు వచ్చాయి. క్యూ పొడవుగా ఉంది. క్యాషియర్ మల్లె వాసన సీసా ఒక్కటి స్కాన్ చేసి 12 అని కొట్టింది. బిల్లు సరిపోయింది, కొన్నవాళ్లు వెళ్లిపోయారు. లెక్కల్లో మాత్రం మల్లె 9 ఎక్కువ తేలింది, మిగతా మూడూ మూడేసి చొప్పున తగ్గాయి. ఆ మూడూ పెట్టే అర ఖాళీ అయినా, కంప్యూటర్ మాత్రం సరుకు ఉందనుకుంటోంది కాబట్టి కొత్త ఆర్డరూ పెట్టదు.

మన అధిపతి నివేదిక సిద్ధం చేశారు: దొంగలకు గులాబీ, నిమ్మ, గంధం ఇష్టం, మల్లె గిట్టదు. ఆ మూడు వాసనలనూ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించారు. తాళంచెవి ఒక్కటే, అది సూపర్‌వైజర్ నడుముకు. సూపర్‌వైజర్ గోడౌన్‌లో. కొనేవాళ్లు బెల్ నొక్కారు. ఇంకోసారి నొక్కారు. అద్దంలోంచి గులాబీ సీసాను ఆరాధనగా చూశారు. చివరికి బీరువా ముందే నిలబడి, ఫోన్‌లో వేరే కంపెనీ నుంచి అదే సీసా తెప్పించుకున్నారు. నెల తిరిగేసరికి గులాబీ చోరీలు సున్నా. అమ్మకాలూ దాదాపు అంతే. సున్నాకు స్లైడు వేశారు, అమ్మకాలకు వేయలేదు. సేల్స్ అధిపతి అప్పట్నుంచి ఈయన ఫోన్ ఎత్తడం లేదు, ఎందుకో!

అన్ని షాపుల్లో తాళం వేసే ముందు 5 షాపుల్లోనే వేసి, అలాంటివే మరో 5 షాపుల్లో వేయకుండా, 8 వారాలు అమ్మకాలూ షార్టేజీ రెండూ పక్కపక్కన చూడొచ్చు. అలా చేస్తే సేల్స్ వాళ్లు మీ పక్కన కూర్చుంటారు. అంత ప్రమాదం కొనితెచ్చుకోకండి.

అలాగే సరుకు దిగే వెనక గుమ్మం జోలికీ వెళ్లొద్దు. ఇన్వాయిస్‌లో 10 పెట్టెలు, పెట్టెకు 24. దిగినవి 8. ‘తొందరగా కానీ అన్నా, ఇంకో షాపుకెళ్లాలి’ అంటాడు డ్రైవర్. లెక్కపెట్టకుండానే సంతకం పడిపోతుంది. పోయినవి 48. టోపీ మనిషి రోజుకొకటి దోపుకున్నా నెలన్నర దాటాలి. నూటికి 2 మిగిలే వ్యాపారంలో 100 విలువైన సరుకు పోతే, పూడ్చుకోవడానికి 5000 అమ్మాలి. ఈ ఒక్క లెక్క చెబితే ఫైనాన్స్ అధిపతి కుర్చీలో ముందుకు జరుగుతారు. కానీ సంతకం పెట్టే గోడౌన్ కుర్రాడి వీడియోకు ఎర్ర వలయం గీస్తే ఏం బావుంటుంది?

ఇక సిబ్బంది తనిఖీ. డ్యూటీ దిగిన అమ్మాయిల సంచులు గేటు దగ్గర అందరి ముందూ బోర్లించి, భోజనం డబ్బా మూత కూడా తీయిస్తారు. కౌంటర్‌లో తేడా వస్తే వాళ్ల జీతంలోనే కోత. అదే కౌంటర్‌లో రీఫండ్ ఆమోదించే మేనేజర్ కార్డు దారానికి వేలాడుతుంటుంది, ఎవరైనా గీకొచ్చు. షాపు మూసేవేళ మనిషి ఎదుట లేకుండా పడే రీఫండ్లు, ఒకే లాగిన్ మీద పదేపదే రద్దయ్యే బిల్లులు, అమ్మకం లేకుండానే తెరుచుకునే గల్లా, అన్నీ నిమిషంతో సహా సిస్టమ్‌లో ఉంటాయి. ఆ రిపోర్టు తెరవడానికి బద్ధకం, ఆడపిల్ల సంచి తెరిపించడానికి ఎక్కడలేని హుషారు. సిగ్గుండాలి. పెట్టెలు తక్కువ దిగాయని మొదట కనిపెట్టేది ఆ పిల్లలే. సంచి బోర్లించినవాడికి వచ్చి ఎందుకు చెబుతారు?

సరే, 10 నిమిషాలూ కావొచ్చాయి, ఫైనాన్స్ అధిపతి లేచి నిలబడ్డారు. వీడియో ఇంకోసారి వేయండి సార్. ఈసారి వలయం కాస్త లావుగా గీయించండి.