మ్యాపులో ఆవగింజంత బాణం గారికి

ఇంగ్లండు మ్యాపులో రోడ్డుకి అడ్డంగా, నల్లగా, ఆవగింజంత ఉండే బాణం గారికి ఒక సైకిలు యాత్రికుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్ళు తప్ప. మీరు అక్కడ క్షేమంగానే ఉంటారు. మీరు ఎక్కేది లేదు, దిగేది లేదు.

బాణం అంటున్నాను గానీ మీకు ములుకు తప్ప కాడ లేదు. మ్యాపు అంచున చర్చి గుర్తు, పబ్బు గుర్తు, టెలిఫోను పెట్టె గుర్తు అన్నీ అయ్యాక ఎక్కడో ఒక మూల మీ గురించి ఒక్క ముక్క ఉంటుంది. ఒక బాణం ఉంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండుంటే 20 శాతం పైమాటే. అంటే అయిదడుగులు ముందుకు జరిగితే ఒక అడుగు పైకి. చదివితే ఎంతలే అనిపించింది. నేను కోనసీమవాణ్ణి. ఎత్తు అంటే నాకు తెలిసింది ఏటిగట్టు. రెండు తొక్కులు గట్టిగా తొక్కితే పైన ఉంటాం, గాలి పీల్చుకుని అవతలికి జారిపోతాం. ఆ లెక్కలోనే మిమ్మల్ని వేశాను.

తప్పు మీది కాదని ముందే ఒప్పుకుంటున్నాను. తప్పు ‘తీరిగ్గా’ అనే మాటది. ఇంగ్లండు పల్లెల్లో తీరిగ్గా సైకిలు తొక్కుతూ పాత కట్టడాలు చూసి రండి అని ఒక కరపత్రం చదివాను. ఫొటోలో ఒక జంట. హ్యాండిల్‌కి వెదురు బుట్ట, బుట్టలో రొట్టె, మొహాన చెమట చుక్క లేదు. ఇప్పుడు తీసి చూస్తే వాళ్ళు తొక్కడం లేదు, దిగుతున్నారు. పాదాలు కదలకుండా ఉన్నాయని అప్పుడే గమనించాల్సింది. దారి ఎలా ఉంటుందో ఒకే మాటలో చెప్పారు: అండ్యులేటింగ్. డిక్షనరీ చూస్తే అలల్లాగా అని ఉంది. అలలే కదా, అంతర్వేది తీరాన కాళ్ళు తడుపుకున్నట్టు ఉంటుందనుకున్నాను. తుపాను నాడు లేచేదీ అలేనని తట్టలేదు.

దానికి తోడు మొదటి రోజు నన్ను బాగా చెడగొట్టింది. బాత్ ఊరి నుంచి డివైజెస్ దాకా కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ గట్టు మీదే ప్రయాణం. 1810లో పూర్తయిన కాలువ అది. ఒకప్పుడు బొగ్గు పడవల్ని గుర్రాలు లాక్కెళ్ళిన గట్టు కాబట్టి బల్లపరుపుగా ఉంటుంది. డండస్ అనే చోట కాలువే రాతి వంతెనెక్కి నదిని దాటుతుంది. మా గన్నవరం అక్విడెక్టు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. బాతులు, పడవల్లో కాపురాలు, పడవ కప్పు మీద పూలకుండీలు, ఇదంతా మా పెదనాన్నగారి ఊరు వెళ్ళినట్టే ఉంది, చలి ఒక్కటే తేడా. సాయంత్రం డివైజెస్ ముందు కేన్ హిల్ వచ్చింది. 2 మైళ్ళలో కాలువ 237 అడుగులు పైకి ఎక్కాలి. పడవ కోసం 29 లాకులు కట్టారు, అందులో 16 మెట్లు పేర్చినట్టు ఒకదాని నెత్తిన ఒకటి. పడవకి మెట్లు కట్టినవాళ్ళు సైకిలుకి కట్టలేదు, అయినా దిగకుండా ఎక్కేశాను. అదే కొంప ముంచింది. పైకి చేరి టీ తాగుతూ “ఇంతేనా ఇంగ్లండు?” అన్నాను. మా బావమరిది సాక్షి.

బావమరిదిది మోటారు సైకిలు. అంటే మీరనుకునేది కాదు, బ్యాటరీది. చట్టం ప్రకారం 250 వాట్ల మోటారు. వేగం గంటకి పదిహేనున్నర మైళ్ళు దాటితే మోటారు సాయం ఆగిపోవాలి. కొండ మీద ఎవడికీ అంత వేగం రాదు కాబట్టి అతనికి సాయం ఎప్పుడూ ఆగలేదు. నా వెనకాల సన్నగా తుమ్మెద రొద వినిపిస్తే అతను వస్తున్నట్టు, ఆగిపోతే ముందుకి వెళ్ళిపోయినట్టు.

రెండో రోజు ఏవ్‌బరీ. ఊరినే నడుమ పెట్టుకున్న రాళ్ళ వలయం అది. ఒక రాయికి ఆనుకుని కూర్చుంటే గొర్రె ఒకటి వచ్చి లే అన్నట్టు చూసింది. పక్కనే సిల్బరీ హిల్. నాలుగు వేల ఏళ్ళ పైబడ్డ ఆ గుట్ట దేవుడు పెట్టింది కాదు, మనుషులు మట్టీ సుద్దా మోసి పోసింది. ఎందుకు పోశారో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. చుట్టూ ఇన్ని కొండలుండగా చాలనట్టు ఇంకొకటి చేత్తో చేసుకున్న జాతి ఇది! అరిగిపోతుందని దాన్ని ఎక్కనివ్వరు. ఈ యాత్రలో నన్ను ఎక్కవద్దని బతిమాలిన కొండ అదొక్కటే.

ఇక మూడో రోజు, మీరు. కొండవాలు మీద సుద్దతో వేసిన బొమ్మ, అఫింగ్టన్ తెల్లగుర్రం చూడాలంటే కింద మైదానం నుంచి కొండ మీదికి పోవాలి. పొద్దున్నే సత్రంలో మ్యాపు పరిచాం.

“బావగారూ, ఇక్కడ బాణం ఉంది చూశారా?”

“చూశాను లేవోయ్. మొన మనవైపు ఉంది. అంటే అటునుంచి ఇటు వచ్చేవాళ్ళకి ఎక్కుడు, మనకి దిగుడు.”

“మనం పోయేది కొండ మీదికి కదండీ?”

“మ్యాపు అబద్ధం చెబుతుందా?”

మీరు చెప్పలేదు, నేనే తిరగేసి చదివాను. మీ మొన పల్లం వైపు చూస్తుందట. ఆ సంగతి నాకు రోడ్డు చెప్పింది. ఒక మలుపు తిరిగాను, రెండు పక్కలా మనిషెత్తు కంచె, మధ్యలో తారురోడ్డు గోడకి నిచ్చెన ఆనించినట్టు లేచి నిలబడింది. చివరి గేరు వేశాను. అంతకన్నా చిన్న గేరు కోసం ఇంకో నాలుగుసార్లు నొక్కాను. ముందు చక్రం అటూ ఇటూ ఊగింది, కరపత్రం ఫొటోలో చూసి కొన్న వెదురు బుట్టలోంచి అరటిపండు దూకి కిందికి దొర్లిపోయింది. దాని తెలివి నాకు లేకపోయింది. దిగి తోసుకుంటూ నడిచాను. అలిపిరి మెట్లు ఎక్కినవాణ్ణే, మోకాళ్ళ పర్వతం కూడా ఎక్కాను. అక్కడ సైకిలు తొయ్యమని ఎవరూ అనలేదు, పైగా పైన వెంకన్న ఉన్నాడు. నాకన్నా పాతికేళ్ళు పెద్దాయన ఒకాయన మామూలు సైకిలు మీద కూనిరాగం తీస్తూ నన్ను దాటి, “దాదాపు వచ్చేశారండీ” అన్నాడు. ఇంగ్లీషువాళ్ళ మర్యాద సంగతి మీకు తెలిసే ఉంటుంది. అప్పటికి నేను సగం కూడా రాలేదు.

పైకి చేరాక గుర్రం ఎక్కడ అని అడిగితే, మీరు దాని పక్కనే ఉన్నారు అన్నారు. 110 మీటర్ల పొడవు, కొండవాలుని తవ్వి సుద్దతో నింపిన గుర్రం, దాదాపు 3,000 ఏళ్ళ నాటిది. ఊళ్ళవాళ్ళు తరతరాలుగా కలుపు తీసి, కొత్త సుద్ద వేసి కాపాడుకుంటూ వస్తున్నారు. ఇంతా చేసి నాకు కనపడింది ఒక కన్నూ, గోడకి సున్నం కొట్టినట్టు తెల్లటి చారా. మొత్తం చూడాలంటే మైదానం అవతలికైనా పోవాలి, ఆకాశంలోకైనా లేవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు గుర్తు పట్టకుండా దాన్ని గడ్డీ గాదంతో కప్పేశారట. శత్రువుకి కనపడుతుందని అంత భయపడ్డ గుర్రం, తోసుకుంటూ వచ్చిన భక్తుడికి కనపడలేదు.

ఇంటికి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని మీ వంశం గురించి చదివాను. మీ మ్యాపుల శాఖ 1791లో మొదలైంది, అదీ ఫిరంగుల శాఖ చేతుల్లో. ఫ్రెంచివాళ్ళు దండెత్తి వస్తారేమోనన్న భయంతో ముందు దక్షిణ తీరం కొలిచి, 1801లో కెంట్ మ్యాపు అచ్చు వేశారు. ఫిరంగి లాగేవాళ్ళ మ్యాపుని నేను రొట్టె పక్కన పెట్టుకు తిరిగానన్నమాట. మరుసటి ఏడు మద్రాసులో లాంబ్టన్ అనే దొరగారు మన దేశాన్ని కొలవడానికి మొదలుపెట్టిన కొలతలు వేరే లెండి, అయినా మీకు దాయాదుల వరస అవుతుంది. మా కోనసీమ మ్యాపులో మీకు ఒక్కరోజు కూడా పని దొరికేది కాదు.

ఇంకో సంగతి చదివాక మాత్రం మీ మీద కోపం సగం దిగింది. మోటారు కార్లు రాకముందే, 19వ శతాబ్దం చివర్లో, ఇక్కడి సైకిలు సంఘాలవాళ్ళే కొండల నెత్తిన బోర్డులు పాతేవారట, ఈ కొండ ప్రమాదం సుమా అని. 1878లో హారోగేట్‌లో పుట్టిన యాత్రికుల సంఘం అలాంటిదే. ఆ బోర్డులు దిగేవాళ్ళ కోసం. అప్పటి సైకిలుకి ముందు చక్రం మనిషి ఛాతీ దాకా, బ్రేకు పేరుకే. దిగుతూ ముందుకి బోర్లా పడేవాళ్ళు. 1885లో కోవెంట్రీలో స్టార్లీ గారు రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా, గొలుసుతో తిరిగే రోవర్ సైకిలు తెచ్చాక గానీ నడ్డి విరగకుండా ఇంటికొచ్చే ధీమా లేదు. మీ మొన కిందికి ఎందుకుందో నాకు తోచిన కారణం ఇదీ: ప్రమాదం దిగేవాడిది. ఎక్కేవాడిది ఉత్త అవమానం, దానికి గుర్తు అక్కర్లేదు.

అయినా ఒక్క మనవి. మీ పక్కన చిన్న చుక్క పెట్టించుకోండి, ఇక్కడ దిగి తొయ్యాలి అని. లేదంటే కొంచెం లావైనా అవ్వండి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చూసినా మిమ్మల్ని మ్యాపు మీద పడ్డ బ్రెడ్డు పొడి అనుకునేవాళ్ళు ఉన్నారు. ఒకరోజు నేను మిమ్మల్ని గోటితో గీకాను కూడా. క్షమించగలరు.

ఇట్లు,
తీరిగ్గా మంచం మీద ఉన్న మీ విధేయుడు

తా.క. బావమరిది వచ్చే నెలకి లేక్ డిస్ట్రిక్ట్ అంటున్నాడు. హార్డ్‌నాట్ కనుమ దగ్గర రోమన్ సైనికుల కోట ఉందట, అందులో స్నానాల గది కూడా ఉందట. రోడ్డు 33 శాతం. మ్యాపు తెచ్చి నా మంచం మీద పరిచాడు. అక్కడ మీరు జంటగా ఉన్నారు. కనుమ కదా, అటు ఒక జంట, ఇటు ఒక జంట, ఒకరికొకరు వీపు పెట్టుకుని. మొనలు అటూ ఇటూ పల్లానికే చూస్తున్నాయి. ఏ పక్కనుంచి వెళ్ళినా నా మొహానికే.