జన్యువుకు తాళం వేసేదెవరు?

ఒక చిన్న ద్రవబిందువు, అందులో ఒకే ఒక్క బ్యాక్టీరియా. 1949 ప్రాంతంలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంద్రే ల్వోఫ్ మైక్రోస్కోపు కింద దాన్నే కనిపెట్టుకుని కూర్చున్నారు. అది రెండుగా చీలగానే సన్నటి గాజు గొట్టంతో ఒకదాన్ని తీసేసేవారు. మిగిలినది మళ్లీ చీలేది, మళ్లీ ఒకదాన్ని తీసేసేవారు. అలా పంతొమ్మిది సార్లు. ఆ ద్రవంలోకి వైరస్ ఏమైనా విడుదలైందా అని వెతికితే ఏమీ లేదు. కానీ ఆ బ్యాక్టీరియా సంతతిలో ప్రతి కణానికీ వైరస్‌ను పుట్టించే శక్తి ఉంది. అప్పుడప్పుడు, ఎందుకో ఏమో, చూస్తుండగానే ఒక కణం పగిలి మాయమయ్యేది. అప్పుడు ఆ బొట్టులో వెతికితే వైరస్‌లు బోలెడు దొరికేవి.

అంటే వైరస్ ఎక్కడికీ పోలేదు. తన జన్యువులను బ్యాక్టీరియా జన్యువులతో కలిపేసుకుని, తల్లి నుంచి బిడ్డకు ఆస్తి వచ్చినట్టు తరతరాలకూ వస్తోంది. మరి అన్ని తరాలు ఊరుకున్నది ఇప్పుడెందుకు లేచింది? 1950లో ల్వోఫ్ బృందానికి ఆధారం దొరికింది. ఆ బ్యాక్టీరియాపై కాసేపు అతినీలలోహిత కాంతి వేస్తే, కొంతసేపటికే దాదాపు అన్ని కణాలూ ఒక్కసారిగా పగిలి వైరస్‌లను వదిలాయి.

జన్యువుల గురించి మనం పత్రికల్లో చదివే వార్తల్లో చాలావాటికి ఒకటే మూస: ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది, ఫలానా గుణానికి జన్యువు కనిపెట్టారు. జన్యువు ఉంటే చాలు, పని అయిపోతుందన్నట్టు ఉంటాయి ఆ వార్తలు. ల్వోఫ్ బ్యాక్టీరియా చెప్పింది దీనికి పూర్తిగా వేరే కథ. జన్యువు ఉండటం ఒకటి, దాన్ని కణం చదవడం మరొకటి. మన కాలేయంలోని కణానికీ మెదడులోని కణానికీ డీఎన్ఏ దాదాపు ఒకటే. ఏ జన్యువుకు ఎప్పుడు తాళం పడుతుంది, ఎప్పుడు తెరుచుకుంటుంది అన్నదాంట్లోనే తేడా అంతా. ఆ తాళాల గురించి మనకు తెలిసిన మొదటి పాఠాల్లో ఎక్కువ భాగం వైరస్‌లే నేర్పాయని నా వాదన. వాటిని శత్రువుల్లాగే చూడటం అలవాటైపోయి ఈ సంగతి మరిచిపోయాం.

వైరసే ఎందుకంటే, దానికి చోటు తక్కువ. మనిషి డీఎన్ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే, పేగుల్లో ఉండే ఈకొలై బ్యాక్టీరియాలో బతికే లాంబ్డా అనే వైరస్‌లో ఉన్నవి 48,502. దీన్ని తొలుత గుర్తించింది ఎస్తర్ లెడర్‌బర్గ్. పిట్ట కొంచెమే అయినా కూత ఘనం. నిద్రపోవాలా, దాడి చేయాలా అన్న నిర్ణయం మొత్తం ఆ కాస్త చోటులోనే జరిగిపోవాలి. అనవసరపు సరంజామా లేదు కాబట్టి యంత్రం లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుంది.

ల్వోఫ్ దగ్గర 1950లో చేరిన ఫ్రాన్స్వా జాకబ్‌ది విచిత్రమైన దారి. సర్జన్ కావాలనుకున్న మనిషి. 1944లో నార్మండీ యుద్ధరంగంలో తగిలిన గాయాలతో ఆ ఆశ అడుగంటింది. ఇన్‌స్టిట్యూట్ పైఅంతస్తులో ఒక కొసన ఆయన నిద్రపోయే వైరస్‌ల మీద, మరో కొసన జాక్ మోనో పాలచక్కెరను జీర్ణం చేసే బ్యాక్టీరియా ఎంజైమ్ మీద పనిచేసేవారు. రెండింటికీ సంబంధం లేదనే అందరూ అనుకున్నారు. 1958 జులైలో భార్యతో కలిసి సినిమాకు వెళ్లిన జాకబ్‌కు, తెర మీద ఏం జరుగుతోందో పట్టించుకోకుండా కూర్చున్నప్పుడు, రెండూ ఒకే యంత్రాంగమని తట్టింది. వైరస్ జన్యువులనూ, పాలచక్కెర జన్యువులనూ ఏదో ఒక పదార్థం అడ్డుకుంటోంది. ఆ అడ్డు తొలగితే అవి పని మొదలుపెడతాయి. 1961లో జాకబ్, మోనో ప్రచురించిన సిద్ధాంతం అదే. అడ్డుకునే ఆ పదార్థానికి రిప్రెసర్ అని పేరు పెట్టారు. 1965లో ల్వోఫ్‌తో కలిపి ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

తమాషా ఏమిటంటే, నోబెల్ ఇచ్చేనాటికి రిప్రెసర్‌ను ఎవరూ కళ్లజూడలేదు. అది బహుశా ఆర్ఎన్ఏ, అంటే డీఎన్ఏ నుంచి కణం తీసుకునే నకలు, అయి ఉంటుందని జాకబ్, మోనో రాశారు. అది తప్పని తర్వాత తేలింది.

దాన్ని పట్టుకునే పోటీ హార్వర్డ్‌లో నడిచింది. ఒకపక్క వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ పాలచక్కెర రిప్రెసర్ కోసం, మరోపక్క ముప్పై ఏళ్లు కూడా నిండని మార్క్ టాష్నీ లాంబ్డా రిప్రెసర్ కోసం. అసలు చిక్కు ఎక్కడంటే, కణంలో లక్షల ప్రొటీన్ అణువుల మధ్య రిప్రెసర్ అణువులు మహా అయితే కొన్ని వందలు. గడ్డివాములో సూది కోసం వెతుకులాట. టాష్నీ చేసింది చూడండి. ముందు బ్యాక్టీరియాపై అతినీలలోహిత కాంతిని దట్టంగా కొట్టి, దాని సొంత జన్యువులు ప్రొటీన్లు తయారు చేయలేని స్థితికి తెచ్చారు. గడ్డివామును తగలబెట్టడమన్నమాట. ఆ తర్వాత దానికి వైరస్‌ను ఎక్కించారు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే ప్రొటీన్లలో ఎక్కువ భాగం వైరస్‌వే. ఒక గిన్నెలో రిప్రెసర్ చేయగల వైరస్, ఇంకో గిన్నెలో రిప్రెసర్ చేయలేని మ్యూటెంట్, అంటే జన్యువు మారిన వైరస్. రెండింటికీ వేర్వేరు రేడియోధార్మిక గుర్తులు. చివరికి రెండూ కలిపి ప్రొటీన్లను విడదీస్తే, మొదటి గుర్తు మాత్రమే ఉండి రెండోది లేని ప్రొటీన్ ఒకటి తేలింది. దొంగ దొరికాడు.

దొరికింది నిజంగా అదేనా? ఆ ప్రొటీన్‌ను లాంబ్డా డీఎన్ఏతో కలిపి చక్కెర ద్రావణంలో వేసి గిరగిరా తిప్పారు. బరువైన డీఎన్ఏ అడుక్కి దిగుతుంటే ప్రొటీన్ కూడా దాన్ని అంటిపెట్టుకుని దిగింది. రిప్రెసర్ కూర్చునే చోటు మాత్రమే తేడాగా ఉన్న ఇంకో వైరస్ డీఎన్ఏతో కలిపితే మాత్రం అంటుకోలేదు. 1966 చివర్లో గిల్బర్ట్ బృందం, 1967 మొదట్లో టాష్నీ తమ ఫలితాలను ప్రచురించారు. తాళం అన్నది ఇక కేవలం ఊహ కాదు, డీఎన్ఏ మీద ఒక నిర్దిష్టమైన చోట కూర్చునే ప్రొటీన్.

ఆ తర్వాత చాలా ఏళ్లు టాష్నీ బృందం ఆ ఒక్క చోటునే పట్టుకుని కూర్చుంది. వంద అక్షరాలు కూడా లేని జాగా అది. అందులో పక్కపక్కనే పదిహేడేసి అక్షరాల మూడు పీటలు. ఎడమవైపు రిప్రెసర్ జన్యువు, కుడివైపు క్రో అనే ఇంకో ప్రొటీన్ జన్యువు, దాని వెనుక వైరస్ దాడికి కావలసిన జన్యువులు. కుడి నుంచి లెక్కిస్తే, రిప్రెసర్ మొదటి పీట మీద కూర్చుంటుంది, తన జోడీని రెండో పీట మీదికి లాగుతుంది. దాంతో కుడివైపు జన్యువులకు దారి మూసుకుపోతుంది. అదే సమయంలో ఎడమవైపున్న తన సొంత జన్యువును చదివించడానికి అదే సాయపడుతుంది. పేరుకు అడ్డుకునేదే గానీ, సగం పని ప్రోత్సహించడం. కాంతి దెబ్బకు డీఎన్ఏ విరిగిందనుకోండి, కణంలో ప్రమాద సూచన మోగి రిప్రెసర్లు తమను తామే కోసుకుంటాయి. పీటలు ఖాళీ అవుతాయి, క్రో తయారవుతుంది. అది ముందుగా మూడో పీటను ఆక్రమిస్తుంది, అంటే రిప్రెసర్ జన్యువును మూసేస్తుంది. ఇక వెనక్కి తిరిగే దారి లేదు. మునిగిపోతున్న పడవలోంచి వైరస్ దూకేస్తుంది.

బ్యాక్టీరియా వైరస్‌తో ఎవరికేం ప్రయోజనమని అప్పట్లో అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే. ఇప్పుడూ అడిగేవాళ్లున్నారు.

బ్యాక్టీరియాలో నేర్చుకున్న సూత్రాలే మనలాంటి పైస్థాయి జీవులకూ వర్తిస్తాయని చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టింది కూడా ఒక వైరసే. మనుషుల్లో జలుబు తెప్పించే అడినోవైరస్. 1977లో అమెరికాలోని ఎంఐటీలో ఫిలిప్ షార్ప్ బృందం, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబ్‌లో రిచర్డ్ రాబర్ట్స్ బృందం దాని ఆర్ఎన్ఏను దాని డీఎన్ఏకు అతికించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. నకలు కాబట్టి అసలు పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా అతుక్కోవాలి. ఫొటోలో మాత్రం డీఎన్ఏ మధ్యమధ్యలో ఉచ్చుల్లా పైకి లేచి ఉంది. ఆ భాగాలకు ఆర్ఎన్ఏలో జత లేదు. జన్యువు ముక్కలు ముక్కలుగా ఉందనీ, మధ్యలో ఉన్నదాన్ని కణం కత్తిరించి పారేసి మిగతావి కుడుతుందనీ అర్థమైంది. ఇదే స్ప్లైసింగ్. 1993లో షార్ప్, రాబర్ట్స్‌లకు నోబెల్ దక్కింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మైక్రోస్కోపు పనిలో కీలకపాత్ర లూయిస్ చౌది. ఆమె పేరు పాఠ్యపుస్తకాల్లో వెతుక్కోవాల్సి రావడం నాకు మింగుడుపడని విషయం.

మరో నాలుగేళ్లకు, 1981లో, కోతుల్లో ఉండే ఎస్‌వీ40 అనే వైరస్ ఇంకో సంగతి బయటపెట్టింది. దాని డీఎన్ఏలోని ఒక చిన్న ముక్కను కుందేలు హిమోగ్లోబిన్ జన్యువుకు దూరంగా అతికించినా ఆ జన్యువు వంద రెట్లకు పైగా చురుగ్గా పనిచేసింది. ముక్కను తలకిందులుగా పెట్టినా అంతే. దూరం నుంచే జన్యువును ఉరకలెత్తించే ఈ ముక్కలకు ఎన్‌హాన్సర్లని పేరు. మన జన్యువుల చుట్టూ కూడా ఇవి లెక్కకు మిక్కిలిగా ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఇవన్నీ కలిసి ఎక్కడ తేలాయో చెప్పడానికి ఒక్క వైద్యం చాలు. 2023 చివర్లో బ్రిటన్, ఆ వెంటనే అమెరికా సికిల్ సెల్ రోగానికి కాస్‌గెవీ అనే జన్యు చికిత్సను అనుమతించాయి. పాడైన హిమోగ్లోబిన్ జన్యువును అది ముట్టుకోదు. గర్భంలో ఉన్నప్పుడు మనందరం వాడిన హిమోగ్లోబిన్ ఒకటుంది. పుట్టాక బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ దానికి తాళం వేస్తుంది. అది మళ్లీ తయారవ్వాలంటే ఆ తాళాన్ని తీసేయాలి. కానీ ఆ ప్రొటీన్ వేరే కణాలకు కూడా అవసరం, జన్యువునే పాడుచేస్తే మొదటికే మోసం. అందుకని ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే దాన్ని ఉరకలెత్తించే ఎన్‌హాన్సర్‌ను కత్తిరిస్తారు. రిప్రెసర్ అన్న ఆలోచనకు సగం పునాది లాంబ్డాది. ఎన్‌హాన్సర్ ఎస్‌వీ40 చూపించింది. ఇక కత్తెర, అంటే క్రిస్పర్, వైరస్‌ల నుంచి కాపాడుకోవడానికి బ్యాక్టీరియా పెంచుకున్న ఆయుధం. ఈ చికిత్సలో కలిసిన ఈ మూడింటి వెనుకా వైరస్‌లున్నాయి.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త. లాంబ్డా స్విచ్ అందానికి మురిసిపోయి, మన జన్యువులన్నీ అలాంటి స్విచ్‌లేననుకుంటే పొరపాటు. హెచ్‌ఐవీనే చూడండి. అది కూడా లాంబ్డాలాగే కణం డీఎన్ఏలో దూరి నిద్రపోతుంది. మందులు వాడుతున్నంతకాలం రక్తంలో కనిపించదు, ఆపేస్తే సాధారణంగా కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. కానీ లాంబ్డాకు తన సొంత తాళం ఉంది, హెచ్‌ఐవీకి అలాంటి రిప్రెసర్ లేదు. దాని దగ్గరున్నది టాట్ అనే ప్రొటీన్. అది తగినంత తయారైతే వైరస్ జన్యువులను తెగ చదివిస్తుంది. లేకపోతే వైరస్ పడుకునే ఉంటుంది. టాట్ మొదటి చుక్క ఎప్పుడు పుడుతుందన్నది, వైరస్ ఎక్కడ దూరింది, అక్కడి డీఎన్ఏ ఎంత బిగుతుగా చుట్టుకుని ఉంది, కణం ఏ స్థితిలో ఉంది అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే నిద్రపోతున్న హెచ్‌ఐవీని మందుతో లేపి చంపాలన్న ప్రయత్నాలు ఇంతవరకు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. వైరస్ ఆర్ఎన్ఏ కాస్త పెరిగినట్టు కనిపించింది గానీ, దాగి ఉన్న నిల్వ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ల్యాబ్‌లో రోగుల కణాలను బాగా ఉత్తేజపరిస్తే కొన్నింట్లోనే వైరస్ లేచింది. లేవనివాటిని మళ్లీ అలాగే ఉత్తేజపరిస్తే, మొదటిసారి కదలని వాటిలోంచి ఇంకొన్ని లేచాయి. వాటిలో ఏ లోపమూ లేని వైరస్ జన్యువులే ఉన్నాయి. మొదటిసారి ఎందుకు లేవలేదో ఆ జన్యువుల అక్షరాలు ఎన్నిసార్లు చదివినా తెలియదు.