రచయితుడి నవ్వు

నా పేరులో లక్ష్మణుడున్నాడు. మా తాతగారి పేరు అది. యాభై ఏళ్ళుగా దానివల్ల నాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. మొన్న చలికాలంలో ఒక పరిశోధన పత్రికకు వ్యాసం పంపేదాకా అంతే.

కాలేజీలో ప్రమోషన్ ఫైలు కదలాలంటే పాయింట్లు కావాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పేపరుకు సైన్సు వాళ్ళకు 8 పాయింట్లు, మాలాంటి భాషల వాళ్ళకు 10. ఆ రెండూ మాకు ఎందుకు ఎక్కువిచ్చారా అని చాలాకాలం ఆలోచించాను. తెలుగు వ్యాసం ఒకటి ఫార్మాట్ చేసి చూశాక ఇక ఆలోచించలేదు.

వ్యాసం స్త్రీల రామాయణపు పాటల మీద. పదేళ్ళ కిందట బజారులో డీటీపీ షాపులో అను ఫాంటులో, పేజ్‌మేకర్లో కొట్టించి ఉంచాను. ఇంట్లో లాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిపి తిరగమోత వేసినట్టుంది. పత్రిక వాళ్ళకేమో ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కావాలి. గౌతమి ఫాంటు, సైజు 12, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. కన్వర్టర్లో వేసి తీస్తే తెలుగైతే వచ్చింది కానీ, క్రావడులు సగం దారిలోనే రాలిపోయాయి. శ్రీరాముడు శీరాముడయ్యాడు. ఒక్కొక్క క్రావడినీ ఏరుకొచ్చి తగిలించేసరికి వారం పట్టింది.

తర్వాత సారాంశం. 200 పదాలు మించరాదన్నారు. నాది 231. ఒక్క మాట తీయబుద్ధి కాలేదు. అప్పుడు తట్టింది, కంప్యూటరుకు ఖాళీ కనిపిస్తేనే పదం! ఇక సంధులు మొదలుపెట్టాను. 'రామునితో పాటు అడవికి వెళ్ళిన' అన్న నాలుగు పదాలు 'రామునితోపాటడవికెళ్ళిన' అని ఒక్కటైపోయాయి. గంటలో 198కి దింపాను. చిన్నయసూరి సంధి సూత్రాలు రాసింది ఇందుకేనేమో అనిపించింది. మా ఆవిడ చదివి, "ఊపిరెక్కడ తీసుకోవాలండీ?" అంది.

ఉపయుక్త గ్రంథాల పట్టిక ఏపీఏ అనే అమెరికా సంఘం వాళ్ళ ఏడో కూర్పు పద్ధతిలో ఉండాలట. ఇంటిపేరు ముందు, కామా పెట్టి, అసలు పేరు పొడి అక్షరాల్లో. మనం పుట్టుకతోనే ఇంటిపేరు ముందు పెట్టుకునేవాళ్ళం, మనకు సులువే కదా అనుకున్నాను. సాఫ్ట్‌వేరు అలా అనుకోలేదు. చివర ఉన్నదే ఇంటిపేరని దాని నమ్మకం. జానపద సాహిత్య పరిశోధకులు బిరుదురాజు రామరాజు గారిని 'రామరాజు, బి.' చేసి కూర్చోబెట్టింది. అంత పెద్దాయన ఇంటిపేరు ఒక్క బకారానికి దిగిపోయింది. ఇక మా అమ్మమ్మ సంగతి మరీ అన్యాయం. అప్పడాలు వత్తుతూ నాకు ఆ పాటలన్నీ పాడి వినిపించింది ఆవిడే. వ్యాసంలో సగం ఆవిడదే. కానీ ఈ పద్ధతిలో నోటిమాటగా తెలిసిన సంగతికి పట్టికలో చోటు లేదు. వ్యాసం లోపల బ్రాకెట్లలో చెప్పుకోవాలంతే. కొన్న పుస్తకాలన్నీ పట్టికలోకెక్కాయి, అమ్మమ్మ గుమ్మం బయట నిలబడింది.

గడువు ఆ రోజు అర్ధరాత్రి పన్నెండు. పదకొండున్నరకు ఆఖరి నిబంధన కంటబడింది. వ్యాసాన్ని పరిశీలించేవారికి రాసిందెవరో తెలియకూడదు కాబట్టి పేరు ఎక్కడా ఉండరాదు, సొంత వ్యాసాలను ఉదహరిస్తే అక్కడ పేరు తీసేసి 'రచయిత' అని పెట్టాలి. నా పాత వ్యాసాలను నేను బాగానే ఉదహరించుకున్నాను. వేరే ఎవరూ ఉదహరించకపోతే నేనేం చేయను? అందులోనూ ఒకచోట పూర్తి పేరు, ఒకచోట పొట్టి పేరు, ఒకచోట 'గారు' కూడా.

ఇంజినీరింగ్ చదివే మేనల్లుడికి ఫోన్ చేశాను.

"అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ముక్క చూసి రీప్లేస్ ఆల్ కొట్టెయ్ మావయ్యా. రెండు సెకన్ల పని," అన్నాడు ఆవులిస్తూ.

ఉమ్మడి ముక్క 'లక్ష్మణ'. దాని బదులు 'రచయిత' అని కొట్టి నొక్కాను. 'మొత్తం 118 మార్పులు జరిగాయి' అంది కంప్యూటరు. నన్ను నేను ఇన్నిసార్లు ఉదహరించుకున్నానా అని ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ వెనకే, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా అప్‌లోడ్ చేసి పడుకున్నాను.

రెండు నెలలకు మెయిలొచ్చింది. మొదటి పరిశీలకుడి వ్యాఖ్య ఇలా మొదలైంది: "3వ పేజీలో ఊర్మిళ ఘోరనిద్రలో ఉండగా రచయిత వెళ్ళి ఆమె పానుపు మీద కూర్చున్నట్టుంది. ఇది క్షేత్ర పర్యటనలో భాగమా? వివరించగలరు."

చేతులు వణుకుతుండగా ఫైలు తెరిచాను. పద్నాలుగేళ్ళ తర్వాత అయోధ్యకు తిరిగొచ్చిన రచయితుడు భార్య మందిరంలోకి వెళ్ళాడు. నిద్రమత్తులో ఉన్న ఊర్మిళ గుర్తుపట్టక, ఎవరు నువ్వని రచయితుణ్ణి గద్దించింది. మా తండ్రికి తెలిస్తే నీ ప్రాణాలు దక్కవంది. రచయిత కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకొంచెం కిందికి వెళితే యుద్ధకాండ: రచయిత మూర్ఛ, హనుమంతుడు సంజీవని కోసం పరుగు. అన్నిటికన్నా ఆ 'రచయిత దేవర నవ్వు'! నిండు సభలో రచయితుడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. సభలో ఉన్న ప్రతివాళ్ళూ తమ గుట్టు తెలిసే నవ్వాడని తలదించుకున్నారు. నిజానికి అతను నవ్వింది పద్నాలుగేళ్ళు దగ్గరికి రానివ్వని నిద్రాదేవి మాట ప్రకారం సరిగ్గా అప్పుడే వచ్చినందుకు. అంత అందమైన కథలో 'రచయితుడు' అంటూ నేను జొరబడ్డాను.

రెండో పరిశీలకుడు వేరే రకం మనిషి. "రచయిత తనను తానే ఇతిహాస పాత్రగా నిలుపుకోవడం సాహసోపేతమైన ప్రయోగం. అయితే రచయితకు రాముడితో ఉన్న బంధుత్వానికి ఆధారాలు చూపలేదు," అని రాశాడు. ఇది వెటకారమో మెచ్చుకోలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మూడో సంగతి సంపాదకులు రాశారు. ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు దగ్గర నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చెక్కుచెదరకుండా ఉందట. ఊర్మిళ పానుపెక్కిన రచయిత ఎవరో పరిశీలకులిద్దరికీ మొదటి రోజు నుంచే తెలుసన్నమాట.

మా ఆవిడ మొత్తం చదివింది. ఊర్మిళ గద్దించిన చోట రెండుసార్లు చదివింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, వినపడకుండా నవ్వుతున్నాననుకుంటూ చాలాసేపు నవ్వింది. ఎందుకు నవ్వుతోందని సభలో వాళ్ళలా అనుమానపడే అవకాశం నాకు లేదు.

సవరించి పంపడానికి పది రోజులు గడువిచ్చారు. ఈసారి మేనల్లుణ్ణి అడగలేదు, విద్య వచ్చేసింది కదా. 'రచయిత' తీసి 'లక్ష్మణ' అని పెట్టి నొక్కాను. లక్ష్మణుడు క్షేమంగా అయోధ్య చేరాడు. ఊర్మిళ పక్కన ఉండాల్సినవాడే ఉన్నాడు. ప్రాపర్టీస్‌లో నా పేరు కూడా చెరిపేశాను. తృప్తిగా పంపేశాను.

పంపాక, కాఫీ తాగుతూ మళ్ళీ మొదటి పేజీ తిప్పాను. మొదటి వాక్యం ఇలా ఉంది: "స్త్రీల పాటలను తొలినాళ్ళలో పట్టించుకున్న లక్ష్మణలు తక్కువ, ఆ లోటును తర్వాతి తరం లక్ష్మణ్రులు తీర్చారు."