గోదావరి కోళ్లకు టీకా, దానికి ముందు ప్రయోగశాల

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్లు గుట్టలుగా చనిపోతున్నప్పుడు అది ఎప్పుడూ వచ్చే కొక్కెర తెగులేనని కొందరు, కాదు బర్డ్ ఫ్లూ అని మరికొందరు వాదించుకున్నారు. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థకు చేరి హెచ్‌5ఎన్‌1 రకం బర్డ్ ఫ్లూ అని తేలేదాకా ఆ వాదన తెగలేదు. తర్వాతి సంగతి అందరికీ తెలిసినదే: కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు, తెలంగాణ సరిహద్దులో కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. బర్డ్ ఫ్లూకు కూడా టీకా వేయనివ్వాలన్న కోరికకు ఆ దెబ్బతో బలం చేకూరింది. ఆ కోరిక న్యాయమైనదే. అయితే ఏ వైరస్‌కు ఏ టీకా అన్నది తేల్చే పరిశోధన డెల్టాలో వేళ్లూనకుండా టీకాను మాత్రం తెచ్చుకుంటే, ఉన్న టీకాలతో ఇప్పుడు పడుతున్న పాట్లే మళ్లీ పడవలసి వస్తుందని మేము భావిస్తున్నాము.

రాణిఖేత్ వ్యాధి అని కూడా పిలిచే కొక్కెర తెగులు సంగతే చూద్దాం. ఈ వ్యాధిని మన దేశంలో 1927లో హిమాలయాల అంచున ఉన్న రాణిఖేత్‌లో గుర్తించారు. 1940లలో ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను కోడిగుడ్డు పిండాల్లో పదేపదే పెంచి, దాని తీవ్రత తగ్గించి, ఆర్2బి టీకా తయారుచేశారు. కోడిపిల్లల కంట్లో చుక్కగా వేసే లసోటా రకం 1946లో అమెరికాలో దొరికింది. దాదాపు ఎనభై ఏళ్ల నాటి ఈ రెండే నేటికీ మన షెడ్లకు ప్రధాన ఆధారం. రాణిఖేత్ వైరస్‌లన్నీ ఒకే సీరోటైప్‌కు (ఒకే రకం యాంటీబాడీలు గుర్తుపట్టే గుంపుకు) చెందినవి కాబట్టి పాత టీకా ఇప్పటికీ చావును చాలావరకు ఆపుతుంది. కాని టీకా వైరస్‌కూ, ఇప్పుడు తిరుగుతున్న వైరస్‌కూ జన్యుపరంగా దూరం పెరిగింది. టీకా పడిన కోడి బతికి బట్టకట్టినా దాని రెట్టలో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది, గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది, జబ్బు పక్క షెడ్డుకు పాకుతుంది. కోళ్లలో కణితులు పుట్టించే మేరెక్స్ వ్యాధిలో ఇది మరింత స్పష్టం. టీకా కోడి ప్రాణాన్ని నిలిపే క్రమంలోనే అతి తీవ్రమైన వైరస్ రకాలు ఎక్కువ రోజులు వ్యాపించడానికి వీలు కల్పిస్తోందని 2015లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చూపాయి. అంతమాత్రాన ఆ టీకా వద్దనడం అవివేకం. అది లేకుంటే పంజరాల్లో లక్షల కోళ్లను పెంచే పరిశ్రమ ఇంతగా విస్తరించేది కాదు.

టీకా పనిచేయలేదని రైతు అన్న ప్రతిసారీ వైరస్ మారిందనుకోనక్కరలేదు. తాగేనీటిలో కలిపి ఇచ్చే లసోటా బతికున్న వైరస్. డెల్టాలో ఆ నీటిలో చాలాభాగం కాలువది, దానికి బ్లీచింగ్ పడుతుంది. క్లోరిన్ మిగిలిన నీటిలో టీకా కలిపితే కోడి నోటికి చేరేలోపే అది చస్తుంది. వెన్న తీసిన పాలపొడిని ముందుగా కలపమనేది అందుకే. కోడిపిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో వ్యాధి చిక్కు వేరు. తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చిన యాంటీబాడీలు పిల్ల రక్తంలో మెండుగా ఉండగా టీకా వేస్తే అవి టీకానే నిర్వీర్యం చేస్తాయి; అవి పూర్తిగా తగ్గేదాకా ఆగితే జబ్బే ముందు వస్తుంది. సరైన రోజు ఏదో రక్తపరీక్ష చెప్పాలి. మన ఫారాలు చాలావాటిలో ఆ రోజును చెబుతున్నది మందుల కంపెనీ ప్రతినిధి ఇచ్చివెళ్లిన అచ్చు పట్టిక.

హెచ్‌5ఎన్‌1 దగ్గర ఈ చిక్కులన్నీ ఇంకా బిగుసుకుంటాయి. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో తొలిసారి బయటపడినప్పటి నుంచి మన దేశం చేస్తున్నది కోళ్లను చంపి పూడ్చడమే. చైనా టీకా దారి పట్టింది. 2017లో కోళ్లకు హెచ్‌7ఎన్‌9 (మరో రకం బర్డ్ ఫ్లూ) టీకా మొదలైన తర్వాత అక్కడ మనుషుల్లో ఆ కేసులు దాదాపు ఆగిపోయాయి. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా వేస్తూ, ఎగుమతుల్లో ఎదురైన ఆంక్షలను భరించింది. ఇక్కడ టీకా వద్దనడానికి చెప్పే కారణాల్లో ఎగుమతి ఒకటి. విదేశాలకు గుడ్లు పంపే నామక్కల్‌కు ఆ బెంగ సహజం. బెంగాల్, బీహార్, అస్సాంలకు లారీలు పంపే గోదావరి జిల్లాలకు అది అంతగా వర్తించదు. అసలు బలమైన కారణం మరొకటి: టీకా పడిన మందలో వైరస్ చాటుగా తిరిగితే కోళ్లు చావవు, హెచ్చరిక ఉండదు, షెడ్డులో పనిచేసే కూలీకి ముప్పు తెలియదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా చిన్నారి ఒకరు ఈ వైరస్ సోకి మరణించిన సంగతి మరువరానిది. పైగా హెచ్‌5ఎన్‌1లో ప్రపంచమంతా పాకిన 2.3.4.4బి శాఖతోపాటు దక్షిణాసియాలో పాతుకుపోయిన 2.3.2.1ఏ శాఖ కూడా మన దేశంలో కనిపించింది. ఒకదానికి చేసిన టీకా రెండోదాన్ని ఎంతవరకు ఆపుతుందో పరీక్షించి, ఆ ఫలితాలను బయటపెట్టాకే కేంద్రం నిర్ణయం తీసుకోవాలి. తీవ్రత తక్కువైన హెచ్‌9ఎన్‌2 రకం బర్డ్ ఫ్లూకు టీకా రూపొందించి 2022లో కంపెనీలకు ఆ పరిజ్ఞానం అందించిన భోపాల్ సంస్థకు ఈ పని కొత్త కాదు.

రాష్ట్ర ప్రభుత్వం చేయవలసినది ఇంకా దగ్గరి పని. రాణిఖేత్, గంబోరో, బ్రాంకైటిస్ (కోళ్ల శ్వాసకోశ వ్యాధి) వైరస్‌ల జన్యుక్రమాన్ని ఎప్పటికప్పుడు చదివే, టీకా వేసిన మందల రక్తంలో యాంటీబాడీలు కొలిచే, బర్డ్ ఫ్లూ అనుమానాన్ని ఆర్‌టీపీసీఆర్‌తో అదే రోజు తేల్చగల ప్రయోగశాల తణుకు, అనపర్తి ప్రాంతాల రైతులకు అందుబాటులో ఉండాలి. బతికున్న హెచ్‌5ఎన్‌1ను పెంచే పనీ, అధికారిక ప్రకటనా భోపాల్‌లోనే ఉండవచ్చు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండగా శాస్త్రజ్ఞులు దొరకరన్న సాకు నిలవదు. ఫారాల యజమానులకు కూడా ఒక మాట చెప్పక తప్పదు. చచ్చిన కోళ్లను కాలువల్లోకి విసురుతూ, నమూనా ఇవ్వడానికి వెనకాడుతూ టీకా అడిగితే వినేవారుండరు. పరిహారం అధికారులు చంపించిన కోళ్లకే గాని అంతకుముందు చచ్చినవాటికి రాదు కాబట్టి జబ్బును దాచిన ప్రతి రోజూ యజమానికే నష్టం.

ఈ చర్చలో పెరటి కోళ్ల ఊసే రావడం లేదు. శీతాకాలంలో కొల్లేరుకు వలస పక్షులు దిగుతాయి, కోతలయ్యాక బాతుల మందలు చేలల్లో మేస్తాయి, సంక్రాంతి పుంజులు ఊరు మారి ఊరు తిరుగుతాయి. వీటి మధ్య మసిలే నాటుకోడికి కొక్కెర టీకా అందడం అరుదు. సీసా విప్పితే వంద కోళ్లకు వాడేయాలి, వాడేదాకా చల్లగా ఉంచాలి. అయిదారు కోళ్లున్న ఇంటికి అది ఎలా కుదురుతుంది? వేడిని తట్టుకునే డి58 అనే రాణిఖేత్ వైరస్ రకంతో మేతగా పెట్టదగిన గుళికల టీకాను తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ఏనాడో రూపొందించింది. దాన్ని తెప్పించి, డెల్టా ఎండలో ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి, గ్రామాల్లోని పశుసంవర్ధక సహాయకుల చేత కొల్లేటి లంకల్లో ముందుగా పంపిణీ చేయించడానికి కేంద్రం అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని లేదు.