పిడి మీది కెంపులు సరే, అలుగు సంగతి ఎవరు చెప్తారు?

మొగలుల కాలపు బాకు ఫొటో ఎవరు పెట్టినా కింద అవే ప్రశ్నలు. ఎన్ని కెంపులు, ఎంత బంగారం, వేలంలో ఎంత పలుకుతుంది? అలుగు, అంటే కోసే పదునైన రేకు, ఏ ఉక్కుతో చేశారని ఒక్కరూ అడగరు. ఒకప్పుడు కత్తుల ఉక్కుకు పేరుపడ్డ నిజామాబాద్ జిల్లా వాడిని, నాకు కడుపు మండుతుంది.

పిడి పని తక్కువదని కాదు. పిడికి వాడే జేడ్ అనే గట్టి రాయి ఉలికి లొంగదు. గట్టి రాతిపొడితో ఓపిగ్గా అరగదీసి పిడి చివర గుర్రం తల ఆకారం తెప్పించాలి. గుంటల్లో కెంపులు, పచ్చలు కూర్చి, చుట్టూ మేలిమి బంగారు రేకును అదుముతూ పోతే నిప్పు సెగ లేకుండానే బంగారం బంగారాన్ని పట్టేస్తుంది. అదే కుందనపు పని. సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసే కత్తి చూసినవారు అంత తొందరగా కదలలేరు.

అయితే ఆ జహంగీరే ఏం చేశాడో చూడండి. 1621లో జలంధర్ ప్రాంతంలో ఉల్క పడితే ఆ ఇనుమును తెప్పించి ఉస్తాద్ దావూద్‌కు అప్పగించాడు. ఒట్టి ఉల్క ఇనుము సమ్మెట కింద నిలవలేదు. మూడు పాళ్ల ఉల్క ఇనుముకు ఒక పాలు మామూలు ఇనుము కలిపితే రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చాకు తయారయ్యాయి. పాదుషా ఈ వైనమంతా పనివాడి పేరుతో సహా తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మా జిల్లాలోని కోనసముద్రం ఊరి కమ్మరుల పేరు ఎవరు రాశారు? లోహం కరిగించే మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూతి మూసి, తిత్తులు ఆపకుండా ఊది, నిదానంగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో డాక్టర్ వాయ్‌సీ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త ఆ పని చూసి వివరంగా రాశాడు. ఆ ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లా కదిలే గీతలు ఎవరో పైన చెక్కినవి కావు, లోహంలోనే పుట్టినవి. సెగ కాస్త మించితే ముద్ద సమ్మెట దెబ్బకు పగిలిపోతుంది. అంత సున్నితమైన పని అది!

ప్రతి మొగలు బాకూ మా ఊళ్ల ఉక్కేనని నేను అనను. కానీ పరీక్షించి చూడాలి కదా. మ్యూజియంవాళ్లు ఒర పక్కన పెట్టి అలుగు కనిపించేలా ఉంచాలి. చీటీ మీద ‘రత్నఖచితం’ అని రాసి ఊరుకోకుండా ఉక్కు రకం కూడా రాయాలి. కోనసముద్రం చుట్టుపక్కల ఇనుప చిట్టెం, మూసల పెంకులు దొరికే ప్రతి దిబ్బనూ ప్రభుత్వం గుర్తించి, రోడ్డు పనులకు తవ్వి పారేయకుండా కాపాడాలి.